అన్నీ ఎంపీ4లే కదా, మరి ఎందుకు ఆడట్లేదు?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. సొంతూరు మదనపల్లె, ఐటీలో ఉద్యోగం. శని ఆదివారాల్లో వీడియోలు ఎడిట్ చేయడం సరదా. చుట్టాల పుట్టినరోజులు, గృహప్రవేశాలు చేసిచ్చి మంచి పేరే తెచ్చుకున్నారు. ఆ ధైర్యంతోనే తమ్ముడి పెళ్లి కుదిరినప్పుడు, "షూటింగ్ వరకే మాట్లాడుకోండి, ఎడిటింగ్ నేను చూసుకుంటా" అని అందరి ముందూ అనేశారు. 40 వేలు మిగిలాయని వాళ్లమ్మగారు వియ్యాలవారి దగ్గర కూడా గొప్పగా చెప్పుకున్నారట. పెళ్లయి ఐదు నెలలైంది, వీడియో ఇంకా రాలేదు.

ఆమె చేతిలో ఉన్నవి ఇవి. పెద్ద కెమెరా తీసిన 4కే ఫుటేజీ ఐదు గంటలు. రెండో కెమెరా తీసిన 1080 (ఫుల్ హెచ్‌డీ) ఫుటేజీ. మరదలి ఐఫోన్ క్లిప్పులు. చుట్టాలు పంపిన ఫోన్ వీడియోలు రెండు వందల పైచిలుకు. అమెరికాలో ఉన్న బాబాయి వీడియో కాల్‌లో అక్షింతలు వేస్తుంటే వాళ్ల బావ చేసిన స్క్రీన్ రికార్డింగ్. ఇవి కాక వాళ్ల అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌ని ఎప్పుడో డీవీడీ చేయించారు, అందులోంచి కొంచెం మొదట్లో పెట్టాలని ఆశ. నాన్నగారు ఇప్పుడు లేరు.

కష్టాలు ఆవిడ మాటల్లోనే: "పెద్ద కెమెరా క్లిప్పు పెడితే కంప్యూటర్ నత్తలా నడుస్తుంది. ఫోన్ క్లిప్పుల్లో తాళి కట్టేసరికి బాజాలు అయిపోతున్నాయి. మరదలి ఫోన్లో తీసినవి సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తున్నాయి. బాబాయి రికార్డింగ్ ఎంకేవీ, తీసుకోనంటే పేరు చివర ఎంపీ4 అని మార్చాను, ఇప్పుడు మాట వస్తోంది, మనిషి రావట్లేదు. మూడుసార్లు రెండర్ (కోసినవన్నీ కలిపి ఒకే వీడియోగా తీయడం) పెట్టాను, రెండుసార్లు 90 శాతం దాటాక ఆగిపోయింది. మూడోసారి అయింది కానీ తమ్ముడి అత్తగారి టీవీలో 'ఫైల్ సపోర్ట్ చేయదు' అని వచ్చింది. మా మరదలు నన్నేమీ అనదు, 'వదినా, మా అమ్మ అడుగుతోంది' అంటుంది, అంతే. ఆ మాటకే నాకు నిద్ర పట్టడం లేదు." లక్షా అరవై వేల లాప్‌టాప్ ఈఎంఐ మీద కొనాలా, ఎవరికైనా డబ్బిచ్చి చేయించుకుని తల దించుకోవాలా, లేక ఇంటర్నెట్‌లో ఏదో కన్వర్టర్‌లో అన్నీ ఒకే ఫార్మాట్‌లోకి మార్చేస్తే సరిపోతుందా అని ప్రశ్న. వాళ్లాయన లాప్‌టాప్ మాటెత్తితే "ఉన్న ఈఎంఐలు చాలవా" అంటున్నారట. ఉత్తరం చివర ఒక్క ముక్క: "కెమెరామన్ తన హార్డ్‌డిస్క్ ఈ శుక్రవారం ఇచ్చెయ్యమంటున్నాడు."

మీ ఉత్తరం మొత్తంలో నాకు భయం వేసింది ఆ చివరి ముక్కకే. రెండర్లు ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. శుక్రవారంలోపు ఆ డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టుగా, ఫోల్డర్లతో సహా, రెండు వేరు వేరు డిస్కుల్లోకి కాపీ చేయండి. వీడియో ఫైళ్లు మాత్రమే ఏరుకుని మిగతావి చెత్త అనుకోకండి. చెన్నైలో పని నేర్చుకునే రోజుల్లో, వడపళనిలో ఒక ఎడిటింగ్ గదిలో, నేను సరిగ్గా అదే చేశాను. సీమంతం వీడియో. మెమరీ కార్డులోంచి ఎంటీఎస్ అనే వీడియో ఫైళ్లు మాత్రం లాక్కుని కార్డు చెరిపించేశాను. ఆ రకం కెమెరాలు పొడుగు షాట్‌ని ముక్కలు ముక్కలుగా రాస్తాయి, ఆ ముక్కల్ని అతికే సమాచారం పక్కన వేరే ఫోల్డర్లో ఉంటుంది. అది పోయింది కాబట్టి ప్రతి అతుకు దగ్గరా శబ్దం చిటికెడు సేపు మాయం. ఒక అతుకు సరిగ్గా గాజులు తొడిగే పాట మధ్యలో పడింది. ఆ ఇంటావిడ నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. కాపీ అయ్యాక ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండు చోట్లా ఒకటేనా చూసుకుని అప్పుడు తిరిగివ్వండి. ఫైళ్ల పేర్లు కూడా మార్చకండి, ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక ఫార్మాట్ సంగతి. మీరు "అన్నీ ఎంపీ4లే కదా" అని మూడుచోట్ల రాశారు. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ, ఏవీఐ ఇవన్నీ ఇంటిపేర్లు. ఇంటిపేరు చూసి ఆ మనిషి ఏం చదివాడో, ఏ భాష మాట్లాడతాడో చెప్పలేం కదా. లోపల ఉన్న బొమ్మని ఏ పద్ధతిలో కుదించారన్నది వేరే విషయం, దాన్ని కోడెక్ అంటారు. ఒకే ఎంపీ4లో 2003లో వచ్చిన హెచ్.264 ఉండొచ్చు, 2013లో వచ్చిన హెచ్.265 ఉండొచ్చు, 2018 నాటి ఏవీ1 కూడా ఉండొచ్చు. పేరు చివర మూడక్షరాలు మార్చడమంటే గడప మీద బోర్డు మార్చడం, లోపల కాపురం అదే. మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక్కో రకం ఫైలూ ఒకటి అందులో పడేసి చూడండి: కోడెక్ ఏది, 8 బిట్టా 10 బిట్టా (రంగు ఛాయలు ఎంత సన్నగా రాశారన్నది), 4:2:0నా 4:2:2నా (రంగు సమాచారం ఎంత ఉంచారన్నది, 4:2:2లో ఎక్కువ), ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలన్నది, స్థిరంగా ఉందా మారుతోందా. మీరు ఉత్తరంతో పంపిన స్క్రీన్‌షాట్లలో నాకు కావలసినంత కనిపించింది.

పెద్ద కెమెరా ఫైళ్లు హెచ్.265, 10 బిట్, 4:2:2. మీ కంప్యూటర్ నత్తలా నడవడానికి కారణం ఇదే. హెచ్.264 గానీ హెచ్.265 గానీ కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటివి అనుకోండి. ఒకటో తారీఖున మొత్తం బాకీ రాస్తాడు, ఆ తర్వాత రోజూ ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, అదే. పుస్తకం వరసగా చదువుకుంటూ పోతే హాయిగా ఉంటుంది, వీడియో చూడటమంటే అదే. ఎడిటింగ్‌లో మీరు ఉన్నట్టుండి 19వ తారీఖు బాకీ ఎంత అంటారు, వెంటనే వెనక్కి 17 అంటారు, పాపం అది ప్రతిసారీ ఒకటో తారీఖు నుంచి కూడుకుంటూ రావాలి. ప్రోరెస్, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ లాంటి ఎడిటింగ్ కోడెక్‌లు రోజూ మొత్తం బాకీ రాసిపెట్టే రకం. పుస్తకం లావవుతుంది, కానీ ఏ పేజీ తెరిచినా జవాబు అక్కడే ఉంటుంది.

మరి ఫోన్లు కూడా హెచ్.265లోనే తీస్తున్నాయి, అవి మీ కంప్యూటర్లో బాగానే ఆడుతున్నాయి కదా అని అడగొచ్చు. ఆ లెక్కలు కట్టడానికి గ్రాఫిక్స్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది, అది 4:2:0ని సులువుగా విప్పుతుంది. 4:2:2 వచ్చేసరికి చిక్కు. మీ బావగారు ఎస్పీ రోడ్‌లో భాగాలు కొని కట్టించారన్న కంప్యూటర్లో ఉన్నది ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, పక్కన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. ఆ చివరి 'ఎఫ్' అంటే ప్రాసెసర్లో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు, అందుకే కాస్త చవక. గేములకి ఏ లోటూ లేదు, మీ బావగారిని తప్పు పట్టకండి. కానీ ఇంటెల్‌లో 11వ తరం నుంచి హెచ్.265 4:2:2ని విప్పేది ఆ లోపలి గ్రాఫిక్సే, ఎన్విడియాలో ఆ పని 2025లో వచ్చిన 50 సిరీస్ కార్డులతోగానీ మొదలవలేదు. అంటే మీ ఇంట్లో ఆ ఒక్క పని చేయగలిగిన వాళ్లు ఎవరూ లేరు, భారమంతా మామూలు ప్రాసెసర్ మోస్తోంది.

కాబట్టి లాప్‌టాప్ ఇప్పుడే కొనకండి అంటాను. కొన్నా పనికిరాదని కాదు, సరైనది కొంటే నిజంగానే హాయి. ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌లు ఈ ఫైళ్లని తేలిగ్గా ఆడిస్తాయి. లేదంటే అదే మదర్‌బోర్డులో ఎఫ్ లేని 12400 పెట్టించుకోవచ్చు, లాప్‌టాప్ ధరలో అది చిన్న ముక్క. ఏది చేసినా మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఆ సౌకర్యాన్ని ఉచిత వెర్షన్లో ఇస్తుందో, డబ్బు కట్టిన వెర్షన్లోనే ఇస్తుందో కొనకముందే కనుక్కోండి. పైగా మీ ఇంట్లో ఈఎంఐ గొడవ ఒకటి కొత్తగా మొదలవుతుంది, ఫోన్ క్లిప్పుల బాజాలు మాత్రం ఆ లాప్‌టాప్‌లో కూడా ముందే అయిపోతాయి.

ఉన్న కంప్యూటర్‌తోనే రెండు దారులున్నాయి. ఒకటి, ప్రాక్సీలు: పెద్ద కెమెరా ఐదు గంటలకి మాత్రం చిన్న నకళ్లు చేయించుకుని వాటితో కోసుకోవడం, చివర్లో రెండర్ అప్పుడు సాఫ్ట్‌వేర్ అసలు ఫైళ్లని తీసుకుంటుంది. ప్రోరెస్ ప్రాక్సీ 1080లో 25 ఫ్రేములకి గంటకి సుమారు 17 జీబీ, ఐదు గంటలకి 85. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి చాలా వరకు అయిపోతుంది. ఇబ్బంది ఏంటంటే చివరి రెండర్ మళ్లీ ఆ బరువైన అసలు ఫైళ్ల మీదే నడుస్తుంది, రాత్రంతా పట్టొచ్చు, మీ అపార్ట్‌మెంట్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు యూపీఎస్ లేకపోతే అంతే సంగతులు.

రెండోది, ఆ ఐదు గంటలనీ ఒకేసారి ప్రోరెస్ 422లోకో, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లోకో మార్చేసి అసలువి పక్కన పెట్టెయ్యడం. షటర్ ఎన్‌కోడర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. కోత, రెండర్ రెండూ వేగంగా సాగుతాయి. కానీ 4కేలోనే ఉంచితే ప్రోరెస్ 422 గంటకి 221 జీబీ, ఐదు గంటలకి 1.1 టీబీ! 1080కి దించితే గంటకి 55, మొత్తం 275 జీబీ. టీవీలో చూసే పెళ్లి వీడియోకి 1080 చాలు, అయితే దూరం నుంచి తీసిన షాట్‌ని దగ్గరికి లాగి మొహం చూపించే వీలు తగ్గిపోతుంది. మీరు కత్తిరించి దగ్గరికి లాగడం ఎక్కువ అని మీరే రాశారు కాబట్టి నాకైతే మొదటి దారే మీకు నప్పుతుందనిపిస్తోంది, చివరి రాత్రి రెండర్ టెన్షన్ భరించగలిగితే.

కన్వర్టర్ వెబ్‌సైట్ ఆలోచన మాత్రం వదిలేయండి. మీ ఇంటి పెళ్లిని ఎవరి సర్వర్లోకో ఎక్కించి, వాళ్లు పిండి పిండి వెనక్కిచ్చింది తెచ్చుకోవడం. అసలు అన్నిటినీ మార్చాల్సిన పనే లేదు. రెండో కెమెరా 1080, 8 బిట్ హెచ్.264, 50 ఫ్రేములు. దాన్ని ముట్టుకోకండి, ఎడిటింగ్‌లో క్లిప్పులు వరసగా పేర్చే టైమ్‌లైన్‌ని 25 ఫ్రేములకి పెడితే సరిగ్గా సగం, అతికినట్టు కూర్చుంటుంది.

చుట్టాల ఫోన్ క్లిప్పులకి మాత్రం మార్పు తప్పదు. ఫోన్లు ఫ్రేములని సమంగా తీయవు, మండపంలో వెలుతురు తగ్గితే నెమ్మదిస్తాయి, పెరిగితే మళ్లీ అందుకుంటాయి. శబ్దం మాత్రం సమంగానే నడుస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ సమం అనుకుని లెక్కేసుకుంటుంది, అందుకే తాళికీ బాజాకీ పొంతన కుదరదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో స్థిరమైన ఫ్రేమ్ రేటు అన్న ఆప్షన్ పెట్టి, నాణ్యత అంకె 16, 18 మధ్యలో ఉంచి అన్నీ ఒకేసారి వరసలో పెట్టేయండి. 200 క్లిప్పులూ అక్కర్లేదు కూడా, ముందు చూసి మీకు కావలసిన ముప్పై నలభై ఏరుకోండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా వచ్చినవి అప్పటికే నలిగిపోయి ఉంటాయి, మరీ ముఖ్యమైనవైతే తీసినవాళ్లని డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి, అలాగైతే 2 జీబీ దాకా పిండకుండా వెళుతుంది.

బాబాయి రికార్డింగ్‌కి ముందు పాత పేరు పెట్టెయ్యండి. మీ బావగారు ఎంకేవీలో తీయడం నిజానికి తెలివైన పని. ఎంపీ4 మామూలుగా తన విషయసూచికని చివర్లో రాసుకుంటుంది, మధ్యలో కరెంటు పోతే ఫైలంతా వృథా, ఎంకేవీ అయితే అక్కడి వరకైనా మిగులుతుంది. స్క్రీన్ రికార్డింగ్‌కి ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ వాడి ఉంటే అందులోనే ఎంకేవీని ఎంపీ4కి మార్చే మెనూ ఉంది, బొమ్మని మళ్లీ పిండకుండా ఇల్లు మాత్రం మారుస్తుంది, క్షణాల్లో పని. ఆ తర్వాత కూడా మాట, మనిషి కలవకపోతే దాన్నీ ఫోన్ క్లిప్పుల వరసలోకి తోసేయండి.

మరదలి ఐఫోన్ తెల్లదనం హెచ్‌డీఆర్ వల్ల, అంటే వెలుగునీడల తేడాని మామూలుకన్నా ఎక్కువగా పట్టే పద్ధతి. 2020లో వచ్చిన ఐఫోన్ 12 నుంచి అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. మీ టైమ్‌లైన్ సాధారణ రంగులది, అంటే రెక్ 709, అందుకని రెండూ పొసగవు. క్లిప్పుల మీద కలర్ మేనేజ్‌మెంట్‌లో హెచ్ఎల్‌జీ (ఐఫోన్ వాడే హెచ్‌డీఆర్ రకం) నుంచి 709కి మార్పు పెడితే పట్టుచీర రంగు తిరిగొస్తుంది. చేత్తో వెలుతురు తగ్గించుకుంటూ కూర్చోకండి, ఒక క్లిప్పుకి కుదిరింది ఇంకోదానికి కుదరదు. రేపు ఇంకో ఫంక్షన్ ఉంటే ఆ అమ్మాయి ఫోన్లో హెచ్‌డీఆర్ వీడియో ముందే ఆపించండి.

90 శాతం దగ్గర ఆగిన రెండర్ గురించి. రెండుసార్లూ ఇంచుమించు ఒకేచోట ఆగిందంటే టైమ్‌లైన్‌లో ఆ నిమిషం దగ్గర ఏ క్లిప్పు ఉందో చూడండి, పేరు మార్చిన ఎంకేవీయే అని నా పందెం. ఆ రెండు నిమిషాలు మాత్రమే వేరుగా రెండర్ చేసి చూస్తే తేలిపోతుంది. ఇంకా చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, టీవీకి, యూట్యూబ్‌కి, దాచుకోవడానికి ఒకే ఫైలు చేయాలనుకోవడం. మీరు చేసిన మూడో రెండర్ 4కే, హెచ్.265, 10 బిట్. అన్నిటికన్నా 'బెస్ట్' అని ఉన్నది నొక్కారు, పాపం 2014లో కొన్న ఆ టీవీకి ఆ భాషే రాదు. ముందు ఒక పెద్ద ఫైలు తీసుకోండి, ప్రోరెస్ గానీ డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ గానీ, అది మీ ఇంట్లో దాచుకునేది. దానిలోంచి మిగతావి తీయండి, అప్పుడు ప్రతిదానికీ టైమ్‌లైన్ మొత్తం మళ్లీ ఉడకాల్సిన పని ఉండదు.

అత్తగారి టీవీకి ఎంపీ4, లోపల హెచ్.264, 8 బిట్, 1080, 25 ఫ్రేములు, శబ్దం ఏఏసీ, సెకనుకి 12 మెగాబిట్లు. రెండు గంటల వీడియో 11 జీబీ దాకా వస్తుంది. పాత టీవీలు చదివే పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసినవి, అందులో 4 జీబీ దాటిన ఫైలు ఒక్కటి కూడా పట్టదు. నలభై నిమిషాల లోపు ముక్కలు చేయండి, ముక్కలు కూడా తంతు ప్రకారం: స్నాతకం నుంచి కాశీయాత్ర దాకా ఒకటి, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాలు దాకా ఒకటి, అప్పగింతలు ఒకటి. పెద్దవాళ్లకి ఇదే ఇష్టం, తాము కనిపించే చోటికి నేరుగా పోవచ్చు. యూట్యూబ్‌లో లింక్ ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టుకోవాలంటే 1080కి సెకనుకి 8 మెగాబిట్లు చాలని వాళ్లే చెప్తారు.

ఇక డబ్బిచ్చి చేయించడం. అందులో తల దించుకునేది నాకేం కనిపించలేదు, కానీ మొత్తం అప్పజెప్పేస్తే ఒకటి జరుగుతుంది: మీ పెద్దత్తయ్య ఎవరో, పురోహితుడి వెనక నిలబడ్డ ఆవిడ ఎవరో ఆ ఎడిటర్‌కి తెలియదు, అందరి పెళ్లిళ్లకీ వేసే పాటే మీకూ వేస్తాడు. మధ్యేమార్గం ఉంది. ప్రాక్సీలతో మీరు వరస కట్టండి, ఏ షాటు తర్వాత ఏదో తేల్చండి, రంగులు, శబ్దం, చివరి రెండర్ వరకు అతను చూస్తాడు. ఖర్చు తగ్గుతుంది, కానీ అతని కంప్యూటర్లో అసలు ఫైళ్లు మళ్లీ కలవాలంటే పేర్లు మారకుండా ఉండాలి, ఇందాక చెప్పింది అందుకే. అతను వాడే సాఫ్ట్‌వేరూ మీదీ ఒకటే అయితే మేలు, కాకపోతే సగం ఎఫెక్టులు దారిలో రాలిపోతాయి.

మీ మరదలితో మాత్రం ఈ రాత్రే మాట్లాడండి, వీడియో వస్తుందని కాదు, ఎందుకు రాలేదో. వాళ్లమ్మకి చెప్పుకోవడానికి ఆ అమ్మాయి చేతిలో ఇప్పుడు ఏమీ లేదు. తలంబ్రాల ముక్క పది నిమిషాలు రెండో కెమెరా ఫుటేజీతోనే కోసి వచ్చే ఆదివారానికి పంపేయండి, ఆ ఫైళ్లతో మీకు ఏ పేచీ లేదు కదా. మొత్తం వీడియోకి తారీఖు చెప్పాల్సివస్తే మీరు అనుకున్నదానికి ఇంకో నెల కలిపి చెప్పండి.

డీవీడీ మాట మర్చిపోయాననుకోకండి. మీ నాన్నగారు లావుగా కనిపిస్తున్నారని, చూసి మీ అమ్మగారు "ఆయన ఎప్పుడూ ఇంత లావు లేరే" అన్నారని రాశారు. ఆవిడే కరెక్టు. పాత డీవీడీ బొమ్మ 720 బై 576, చూపించాల్సింది 4:3లో, మీరు దాన్ని టీవీ వెడల్పు నిండా సాగదీశారు, అందరూ అడ్డంగా పెరిగారు. 1080 ఎత్తుకి వెడల్పు 1440 పెట్టండి, రెండు పక్కలా నలుపు మిగలనివ్వండి. కదిలినప్పుడు దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి, డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే పోతాయి. దాన్ని ఇంకే ఫార్మాట్లోకీ మార్చి మార్చి అరగదీయకండి, ఉన్నదే తక్కువ. పని కూడా అరగంటే, రేపు పొద్దున ముందు అది చేసి మీ అమ్మగారికి చూపించండి, కొలత సరిపోయిందో లేదో ఆవిడ ఇట్టే చెప్పేస్తారు.